కొద్దిపాటి ఖర్చుతో వంటయింటికి కొత్త కళ

ఇంటిని చూచి ఇల్లాలిని చూడుమని మన పెద్దలు చెప్పిరి. ఈ మాట విన్న అతిథి వాకిలి చూచును, ముందరి గది చూచును, గోడకు వ్రేలాడు పటములను చూచును. ఇల్లాలు దినములో అధికభాగము గడుపు గదిని మాత్రము ఎవరును చూడరు. అది ఇంటికి వెనుకప్రక్కన ఉండును. దానికి కిటికీ ఒక్కటే యుండును, లేకయు నుండవచ్చును. గోడలకు సున్నము పడి ఎన్ని యేండ్లయినదో ఇంటివారికే జ్ఞాపకముండదు. ఆ గదిని గూర్చియే నేడు మేము ముచ్చటింపదలచితిమి. ఈ ప్రసంగమును మీలో చాలమంది ఆ గదిలోనుండియే వినుచుందురని కూడ మే మెరుగుదుము.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణములలోను, వాని చుట్టుప్రక్కల పల్లెలలోను ఇండ్ల రూపురేఖలు కొన్ని దశాబ్దములుగా మారుచు వచ్చినవి. దుబాయి, మస్కటు, సౌదీ దేశములకు పోయి చెమటోడ్చి పనిచేసిన మగవారు పంపిన పైకముతో గూనపెంకుల ఇండ్లు పోయి స్లాబు ఇండ్లు లేచినవి. మరమగ్గముల కూలి మీద, బీడీల కూలి మీద బ్రతుకు కుటుంబములు కూడ పూటపూటకు మిగిల్చి గోడలు లేపుకొన్నవి. కాని ఒక వింత చూడుడు. పైకము వచ్చిన క్రమమే ఇంటిలో కనబడును. మొదట ముందరి గదికి నేల బండలు, తరువాత వాకిలికి ఇనుప తలుపు, ఆపైన పడకగదికి బీరువా. వంటయింటి వంతు వచ్చుసరికి చేతిలో పైకము అయిపోవును. ‘వచ్చే యేడు చూచుకొందము’ అను మాటతో ఆ యింటి పని ముగియును. అట్టి వచ్చే యేండ్లు పది గడచిన వంటయిండ్లు మనకు కొల్లలుగా కలవు.

వంటయింటిని పడగొట్టి తిరిగి కట్టుమని మేము చెప్పబోవుట లేదు. ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అన్నారు. ఆ రెండు పనులలో ఏదియు నేటి మా విషయము కాదు. ఉన్న గదినే, ఉన్న గోడలనే, చేతిలోనున్న కొద్ది పైకముతో వెలుతురుగాను, శుభ్రముగాను, నడుమునొప్పి రాని విధముగాను ఎట్లు చేసికొనవచ్చునో అదియే చెప్పెదము.

పైకము తీయుటకు ముందు పరీక్ష యొకటి చేయవలెను. దీనికి ఖర్చు లేదు. వంట జరుగు సమయమున ఇంటి యజమాని వంటయింటిలో ఒక గంటసేపు ఊరక కూర్చుండవలెను. నాలుగు సంగతులు గమనింపవలెను. మొదటిది, పొగయు ఆవిరియు ఏ త్రోవను పోవుచున్నవి? రెండవది, కత్తిపీట దగ్గరను, పొయ్యి దగ్గరను కన్ను చికిలింపక కనబడుచున్నదా? మూడవది, నీరు ఎక్కడినుండి వచ్చి ఎక్కడికి పోవుచున్నది? నాలుగవది, ఒక కూర వండుటకు ఇల్లాలు ఎన్నిమార్లు లేచుచున్నది, ఎన్నిమార్లు వంగుచున్నది? ఈ నాలుగింటిని కాగితముపై వ్రాసికొన్నచో ఖర్చు పెట్టవలసిన వరుస దానంతట అదియే తెలియును. పొగ, వెలుతురు, నీరు, నడక. రంగులు, అలంకారములు వీని తరువాతనే.

మొదట పొగ సంగతి. ఈ విషయమున మన హైదరాబాదునకు గర్వింపదగిన చరిత్ర కలదు. 1947లో వార్ధాలోని మగన్‌వాడిలో మగన్ చూల్హా యను పొగగొట్టపు పొయ్యి వెలసినది. ఆపైన హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయమునకు అధిపతిగా నుండిన డాక్టర్ ఎస్. పి. రాజు గారు సామాన్య గృహములకు సరిపడు మట్టిపొయ్యిని రూపొందించి, 1953లో కోట్లాది ప్రజలకు పొగలేని వంటయిండ్లు అను విషయమున ఆంగ్లమున ఒక గ్రంథము ప్రకటించిరి. గొప్ప గొప్ప ఆనకట్టలకు సంబంధించిన విద్య నెరిగిన ఇంజనీరు మట్టిపొయ్యి ముందు కూర్చుండి ఆలోచించుట చిన్న విషయము కాదు. మట్టితో చేసిన పొయ్యి, దానిపై ఒకటికంటె ఎక్కువ కుండలకు చోటు, పొగను కప్పు పైకి కొనిపోవు గొట్టము, ఇవియే దానిలోని ముఖ్యాంశములు. పొగ కంటిలోనికి గాక ఆకాశములోనికి పోవలెనను కోరిక ధనికుల హక్కు కాదనియు, మట్టితోనే అది సాధ్యమనియు ఆయన నిరూపింపబూనిరి.

తరువాత 1980 దశకమున కేంద్రప్రభుత్వము మెరుగైన పొయ్యిల పథకమును దేశమంతట నడపినది. అది 2002 ప్రాంతమున ముగిసినది. ఒడిశా గ్రామములలో ఆర్థికశాస్త్రజ్ఞులు పెక్కేండ్లు జరిపిన పరిశీలనలో ఇట్టి పొయ్యిలను గూర్చి ఒక సత్యము బయటపడినది. పొయ్యి కట్టిన మొదటి యేడు పొగ తగ్గినది. ఆపైన పగుళ్ళు పూడ్చక, గొట్టము దులుపక వదలివేసినందున ఆ మేలు క్రమముగా మాసిపోయినది. కావున వస్తువు కొనుటతో పని కాదు, దానిని కనిపెట్టుకొనియుండుట ముఖ్యమని తెలియుచున్నది. మీ యింట పొగగొట్టమున్నచో నెలకొకసారి దులుపుడు. పొయ్యికి పగులు కనబడిన నాడే మట్టితో మెత్తుడు.

1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపము పథకము మూలమునను, 2016 నుండి ఉజ్జ్వల పథకము మూలమునను గ్యాసుపొయ్యి చాల ఇండ్లలో ప్రవేశించినది. అయినను కట్టెలపొయ్యి పూర్తిగా పోలేదు. స్నానమునకు నీళ్ళు కాచుటకు, చుట్టములు వచ్చినప్పుడు పెద్ద గంజులో అన్నము వండుటకు, సిలిండరు అయిపోయిన దినములలోను అది తిరిగి మండుచునే యుండును. వంటయింటి పొగ మూలమున 2020లో ప్రపంచమంతట సుమారు 32 లక్షలమంది మరణించిరని ప్రపంచ ఆరోగ్యసంస్థ అంచనా. వారిలో 2 లక్షల 30 వేలకు పైబడినవారు ఐదేండ్ల లోపు పసివారు. తల్లి కొంగు పట్టుకొని పొయ్యి ప్రక్కన తిరుగు బిడ్డ ఆమెతోపాటు ఆ పొగనే పీల్చును గదా.

కావున మా మొదటి సలహా ఇది. కట్టెలపొయ్యిని గదిలోనుండి పెరటిలోనికి, చూరు క్రిందికి మార్చుడు. నాలుగు ఇటుకలు, కొంత మట్టి చాలును. ఇంట నుంచక తప్పదన్నచో దానికి పైన పొగ పోవు త్రోవ చేయుడు. గోడకు ఎత్తున రెండు ఇటుకలు తీసివేసి, ఆ కంతకు వల బిగించినను వేడిగాలి బయటికి పోవును. వేడిగాలి పైకి పోవును గనుక కంత పైన నుండవలెను. గ్యాసునకు దీనికి విరుద్ధమైన గుణమున్నది. అది గాలికంటె బరువైనది. కారినచో నేల మీద పరచుకొనును. కావున సిలిండరును గుంటలోగాని, మూసిన అలమారలోగాని పెట్టరాదు. గట్టు క్రింద పెట్టినచో తలుపునకు అడుగున రంధ్రములుండవలెను. సిలిండరు నిలువుగా నుండవలెను. పొయ్యి దానికంటె ఎత్తున నుండవలెను. రబ్బరుగొట్టమును ఐదేండ్లకు ఒకమారు తప్పక మార్చవలెను. వాసన వచ్చినచో మంట గాని, విద్యుత్తు మీట గాని ముట్టక, తలుపులు తెరచి, రెగ్యులేటరు కట్టి, బయటికి వచ్చి 1906 నంబరునకు ఫోను చేయవలెను. కొత్త రంగుకంటె ముందు కొత్త గొట్టము కొనుడని మా మనవి.

ఇక గోడలు. మసిపట్టిన గోడపై నేరుగా సున్నము వేసినచో నెల తిరుగక ముందే పసుపుపచ్చని మరకలు పైకి తేలును. కావున ముందు కడుగవలెను. పని పైనుండి క్రిందికి సాగవలెను. కప్పు, దూలములు, గోడలు, అటుక, గూళ్ళు, చివరకు నేల. ముక్కునకు గుడ్డ కట్టుకొని బూజు దులుపవలెను. వేడినీటిలో బట్టల సోడా కలిపి, కొబ్బరిపీచుతో మసిని రుద్ది, మంచినీటితో కడిగి ఆరనీయవలెను. సోడా చేతులను కొరుకును; కావున చేతికి తొడుగుండవలెను. పెచ్చులూడిన చోట్లను, పగుళ్ళను ఇసుక, సున్నము కలిపి పూడ్చవలెను. తేమ ఊరు గోడ ఉన్నచో ముందుగా ఆ తేమ ఎక్కడినుండి వచ్చుచున్నదో కనుగొనవలెను. కప్పు పెంకు జరిగెనా, నల్లా గొట్టము కారుచున్నదా, బయటిప్రక్క నీరు నిలుచుచున్నదా? కారణమును విడచి గోడకు ఎన్ని పూతలు వేసినను అది బూడిదలో పోసిన పన్నీరే.

సున్నము తయారుచేయుట మన పెద్దలకు కొట్టినపిండి. అయినను మరచినవారికై చెప్పెదము. రాతిసున్నమును ఇనుప డ్రమ్ములోగాని, మట్టితొట్టిలోగాని నీరు పోసి, గడ్డలను ఒక్కొక్కటిగా అందులో వేయవలెను. అది బుసబుస పొంగి కాగును. కావున ప్లాస్టిక్ బక్కెట్లు పనికిరావు, పిల్లలు దగ్గర ఉండరాదు. కంటిలో పడినచో వెంటనే పావుగంటసేపు మంచినీటితో కడిగి వైద్యుని యొద్దకు పోవలెను. ఒక పగలు, ఒక రాత్రి నాననిచ్చి, పలుచని బట్టతో వడకట్టి, తుమ్మజిగురు గాని గంజి గాని కలిపి, కొంచెము నీలిమందు చేర్చవలెను. గోడను తడిపి, పాలవలె పలుచగా నున్న సున్నమును మూడు పూతలుగా వేయవలెను. ఒక్క చిక్కని పూతకంటె మూడు పలుచని పూతలు మేలు. చిక్కగా వేసినది పొలుసులుగా రాలును. సున్నమునకు క్షారగుణము కలదు గనుక బూజు పట్టుట తగ్గును. అయితే నూనెరంగు వేసిన గోడపై సున్నము నిలువదు. అట్టి గోడను గీకి, కడిగి, తిరిగి రంగే వేయవలసియుండును.

పలకల విషయమున ఒక చిన్న లెక్క చెప్పెదము. 10 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు గల వంటయింటికి నాలుగు గోడల చుట్టుకొలత 36 అడుగులు. 3 అడుగుల ద్వారము తీసివేసినచో 33. నాలుగడుగుల ఎత్తువరకు పలకలు అతికించినచో 132 చదరపుటడుగులగును. అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తు గల పలకలైనచో 88 కావలెను. కాని నూనెచిటుకులు పడునది పొయ్యి వెనుకనే గదా. అక్కడ 5 అడుగుల వెడల్పున, 2 అడుగుల ఎత్తున అతికించినచో 10 చదరపుటడుగులే. విరుగుడుతో కలిపి 8 పలకలు చాలును. అనగా మొదటిదానిలో పదునొకండవ వంతు. దుకాణములలో ఒక పెట్టెకు తక్కువగా మిగిలిపోయిన పలకలు చవుకగా దొరకును. పెద్దగది కట్టువానికి అవి పనికిరావు. మీకు సరిగ్గా సరిపోవును.

వంటగట్టుపై బండకు కూడ ఇదే ఉపాయము. మన కరీంనగరు ప్రాంతపు గ్రానైటు దేశదేశములకు ఎగుమతి యగుచున్నది. ఆ రాయి కోయు కార్ఖానాలలో పెద్ద పలకలు పోగా మిగిలిన తునకలు గుట్టలుగా పడియుండును. నాలుగడుగుల గట్టునకు నిండుపలక కొనవలసిన పనిలేదు. రెండు తునకలను సరిచేసి అతికించినను నీరు దిగదు, పసుపు మరక పట్టదు. ప్రపంచమంతట భవనములకు పోవు రాయి పుట్టినచోటి ఇల్లాలి గట్టునకు రాకపోవుట న్యాయమా?

వెలుతురునకు పెద్ద ఖర్చు లేదు. పెంకుటింటివారు కప్పులో రెండు పెంకులు తీసి గాజుపెంకులు పెట్టినచో పగలు దీపము అక్కరలేదు. స్లాబు ఇంటివారు కిటికీకి అడ్డముగా పేర్చిన డబ్బాలను తీసిన చాలును. రాత్రి దీపమును గది నడుమ వ్రేలాడదీయుట పొరపాటు. ఇల్లాలు గట్టువైపు తిరిగినప్పుడు ఆమె నీడయే కూర మీద పడును. దీపము ఆమె ముందరి గోడకు, గట్టునకు ఎదురుగా నుండవలెను. 9 వాట్ల ఎల్.ఇ.డి. దీపము పూర్వపు 60 వాట్ల దీపమంత వెలుగిచ్చును. తెల్లని గోడ ఆ వెలుగును తిరిగి గదిలోనికే పంపును. మసిగోడ దానిని మ్రింగివేయును. కావున సున్నము వేయుట కూడ దీపము పెట్టుట వంటిదే.

నేలకు షాబాదు బండలున్నచో వానిని పీకవలదు. ఎగుడుదిగుడైన బండను లేపి, క్రింద ఇసుక సర్ది, సందులను సిమెంటుతో పూడ్చినచో మరి ఇరువదియేండ్లు నిలుచును. బొద్దింకలు, చీమలు ఆ సందులలోనే కాపురముండును. కడుగునీరు పోవు జాలారికి వాలు సరిగ లేనిచో ఎంత తుడిచినను తేమ పోదు. ఒక చెంబెడు నీరు పోసి చూడుడు. అది నిలువక పోయినచో వాలు సరియైనదని అర్థము. తూమునకు జాలీ బిగించుడు. గోలెమునకు మూతయు, నీరు ముంచుటకు పొడవుకాడ గల గరిటెయు ఉండవలెను.

ఇక నడక, నడుము. పూర్వము మన వంట కూర్చుండి చేయుపని. రోలు, ఇసుర్రాయి, పొయ్యి అన్నియు నేలమీదనే. గ్యాసుపొయ్యి వచ్చినపిమ్మట నిలువబడి వండుట వచ్చినది గాని, గట్టు ఎత్తు మాత్రము మేస్త్రి చేతివాటమునకు వదలివేయుచున్నాము. గట్టు ఇల్లాలి కొలతకు ఉండవలెను. ఆమె నిటారుగా నిలిచి మోచేయి వంచినప్పుడు నేలనుండి మోచేతివరకు ఎంతయున్నదో కొలువుడు. తరుగుటకు, పిండి కలుపుటకు గట్టు దానికి నాలుగంగుళములు తక్కువగా నుండవలెను. ఐదడుగుల స్త్రీకి అది సుమారు 33 అంగుళములు. కాని పొయ్యి గట్టుమీద ఇంకొక నాలుగైదంగుళములు లేచి, దానిపై గిన్నె కూర్చుండును గనుక పొయ్యి చోటు 28 నుండి 30 అంగుళముల ఎత్తు చాలును. గట్టు ఇదివరకే కట్టియున్నదా? ఎత్తు ఎక్కువైనచో నిలువబడుటకు గట్టి చెక్కపీట వేయుడు; తక్కువైనచో తరుగుడు చోట మందపు చెక్కపలక పరచుడు.

ఈ కొలతల ఆలోచన ప్రపంచమున ఎట్లు పుట్టినదో కొంచెము తెలిసికొందము. మొదటి ప్రపంచయుద్ధము తరువాత జర్మనీలో కార్మికులకు ఇండ్లు చాలక, ఫ్రాంక్‌ఫర్టు నగరము వేలకొలది చిన్న ఇండ్లు కట్టించినది. ఆ ఇండ్లకు 1926లో మార్గరెటె షూటె లిహోట్స్కీ యను వాస్తుశిల్పి ఒక వంటయిల్లు రచించెను. దాని వెడల్పు సుమారు 6 అడుగులు, పొడవు 11 అడుగులు. అనగా మన వంటయిండ్లకంటె పెద్దది కాదు. రైలుబండ్లలోని వంటగదులను చూచి, స్త్రీ వేయు అడుగులను లెక్కించి, ఏ డబ్బా ఏ చేతికి అందవలెనో నిర్ణయించి ఆమె దానిని కూర్చెను. అట్టి వంటయిండ్లు సుమారు పదివేలు కట్టబడినవి. నేటి పట్టణపు వంటగదులన్నింటికి అది మాతృక యని చెప్పుదురు. అయితే దానికొక లోపమును పిమ్మట కనుగొనిరి. గది మరీ ఇరుకై, ఇల్లాలు ఒంటరియై, రెండవ మనిషి వచ్చి చేయి వేయుటకు చోటు లేకపోయినది. మనము ఆ గుణమును గ్రహించి ఆ లోపమును విడువవలెను. ఉప్పు, కారము, పసుపు, నూనె పొయ్యి నుండి చేయి చాచినంత దూరమున; బియ్యము, పప్పు మోకాళ్ళకు పైన, భుజములకు క్రింద; ఏడాదికి రెండుమార్లు తీయు పెద్ద గంజులు అటుక మీద. ఇంకొకరు వచ్చి కూర్చుండి కూర తరుగుటకు ఒక పీటంత చోటు తప్పక మిగల్చవలెను.

అలమారలకు టేకు కొనలేనివారు వేపచెక్కను వాడవచ్చును. జగిత్యాల ప్రాంతమున మామిడితోటలు విస్తారము గనుక మామిడిచెక్క కూడ దొరకును. అది చవుక గాని పురుగు త్వరగా పట్టును. ఎండబెట్టి, వేపనూనె పట్టించి, గోడకు ఆనక కొంచెము ఎడముగా బిగించవలెను. అద్దెయింటివారు గోడకు కట్టక, విప్పి కొనిపోదగిన ఇనుప అరలను వాడుట మేలు. ఇల్లు మారినను మీ ఖర్చు మీతోనే వచ్చును. అరలలో పాతపత్రికలు పరచి వానిపై తినుపదార్థములు పెట్టరాదు. అచ్చుసిరా ఆహారమునకు అంటును.

అరలకు తలుపులు లేనిచోట తెర కుట్టుకొనవచ్చును. సిరిసిల్లవారికి బట్ట సంగతి చెప్పుట తాతకు దగ్గులు నేర్పుటయే. అయినను ఒక్క హెచ్చరిక. మన మరమగ్గములపై నూలుబట్టయు నేయుదురు, పాలిస్టరుబట్టయు నేయుదురు. వంటయింటికి నూలుబట్టయే వాడుడు. పాలిస్టరు మంట తగిలినచో కరిగి ఒంటికి అంటుకొనును. ఆ కాలుడు మరింత లోతుగా దిగును. నూలుతెర కూడ పొయ్యికి మూడడుగుల లోపల ఉండరాదు.

ఈ పట్టణములకు ప్రత్యేకమైన మాట ఒకటి చెప్పక విడువలేము. మన ప్రాంతమున వేలాది స్త్రీలు ఇంట కూర్చుండి బీడీలు చుట్టి సంసారము నడుపుచున్నారు. చాల ఇండ్లలో పొగాకు చాట, తునికాకు కట్ట వంటయింటి గడపలోనే యుండును. ఒక చేత బీడీ, ఒక చేత కూర. అది ఇష్టముతో చేయుపని కాదు. రెండు పనులకు ఒక్క మనిషియే గనుక అట్లు జరుగుచున్నది. కాని పొగాకు దుమ్ము అన్నముమీద, పసిపిల్లల చేతులమీద పడుచున్నది. వంటయింటి బాగు అనునప్పుడు ఈ యింట చేయవలసిన మొదటి పని రంగు కాదు, ఎడము. పొగాకునకు మూతగల రేకుడబ్బా, చుట్టుటకు వాకిలి అరుగు లేక గాలివచ్చు వేరొక మూల, చాట ముట్టిన చేతులకు గడపలోనే ఒక సబ్బుబిళ్ళ. మగ్గమున్న ఇండ్లలో వంటయింటికి అడ్డుగా ఒక తలుపో, తడిపి పిండిన నూలుతెరయో ఉన్నచో దూది నుసి గంజులలో పడదు. వీని ఖర్చు అత్యల్పము. మేలు మాత్రము ఆ బిడ్డల ఊపిరితిత్తులకు తెలియును.

ఇత్తడి గిన్నెలను కిలోలకు అమ్మి ప్లాస్టిక్ డబ్బాలు తెచ్చుకొనుట కొందరు కొత్తదనమని తలచుచున్నారు. చింతపండుతో తోమి అరమీద పెట్టినచో ఆ గిన్నెలే గదికి కళ తెచ్చును. వానిలో వండదలచినచో కళాయి పోయించుడు. కళాయిలేని ఇత్తడిలో పులుసు పెట్టరాదు.

ఇప్పుడు పైకము సంగతి. అప్పు చేసి పప్పుకూడన్న సామెత వంటయింటి నుండియే పుట్టినది. అప్పు చేసి వంటయిల్లు బాగుచేయుట అంతకంటె వేరు కాదు. అప్పు ఏమి చేయునో సిరిసిల్ల నేతకుటుంబములకు, గల్ఫు వీసాకై వడ్డీకి తెచ్చినవారికి మేము చెప్పవలసిన పనిలేదు. కావున పనిని నాలుగు నెలలకు పంచుకొనుడు. మొదటి నెల గ్యాసుగొట్టము, పొగత్రోవ. రెండవ నెల కడుగుట, సున్నము, దీపము. మూడవ నెల నేల, జాలారి. నాలుగవ నెల గట్టు, ఎనిమిది పలకలు, అరలు. కప్పు సవరించు పనిని వానలకు ముందే ముగించుకొని, బతుకమ్మకు, దసరాకు ఇల్లు దులుపు ఆనవాయితీతో సున్నము పని కలిపినచో అంతయు పండుగనాటికి ముగియును. పూర్వము ఆ దినములలో ఇల్లంతటికి సున్నము పడుచుండెను. ఆ ఆచారమున గొప్ప ఆరోగ్యసూత్రము దాగియున్నది.

చివరి మాట మగవారికి. కడుగుట, గీకుట, సున్నము కాచుట, పలకలు మోయుట, ఇవియన్నియు బరువుపనులు. ఇదివరకే వంట, బీడీలు, బిడ్డలు మోయుచున్న మనిషిమీద ఈ పనియు వేసి, ‘నీ వంటయిల్లే గదా, నీవే బాగుచేసికొనుము’ అనుట ధర్మము కాదు. ఆ గదిలో వండినది అందరును తినుచున్నారు. ఆ గది అందరిది. మేము చెప్పిన పరీక్షను ఈ ఆదివారము చేయుడు. పొయ్యి వెలిగిన వేళ ఒక గంటసేపు అక్కడ కూర్చుండుడు. కన్ను మండి, నడుము లాగి, లేచిపోవలెనని తోచినచో, పని ఎక్కడ మొదలుపెట్టవలెనో మేము వేరుగ చెప్పనక్కరలేదు.